జేబులో ఉండిపోయిన తాళంచెవి

పిచ్చుక అసలు పేరు అది కాదు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ముద్దుపేర్లు మామూలుగా పాలపళ్ళతో పాటే ఊడిపోతాయి. ఇది ఊడలేదు. ఎలా ఊడుతుంది, పెద్దయ్యాక ఆ పిల్ల పట్టిన ఉద్యోగం అలాంటిది మరి. లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. వారం మొదట్లో ఒక ఊళ్ళో ఉంటే వారం చివర ఇంకో ఊళ్ళో తేలుతుంది. పళ్ళు తోముకునే బ్రష్షులే మూడున్నాయి, ఇంట్లో ఒకటి, పెట్టెలో ఒకటి, ఆఫీసు సొరుగులో ఒకటి. ఏది ఎక్కడుందో ఆమెకే సరిగ్గా గుర్తుండదు.

ఇలాంటి పిల్ల మనసు పడితే తనలాగే కాళ్ళకు చక్రాలున్న మనిషి మీద పడాలి కదా. పడలేదు. ఇల్లూ బడీ తప్ప మూడో దారి తెలియని ఒక లెక్కల మాస్టారి మీద పడింది. మాస్టారంటే ముసలాయన అనుకునేరు, ముప్పై ఏళ్ళు నిండని కుర్రాడు. ఒకసారి ఎవరింటికో వెళ్ళి వస్తూ లిఫ్టులో ఇరుక్కుపోయాడు. పిచ్చుక పరుగున వెళ్ళి, తలుపు విడదీసి చూస్తే, లోపల ఈయనగారు నేలమీద బాసింపట్టు వేసుకుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. భయం లేదు, కంగారు లేదు. "ఒక్క రెండు పేపర్లే మిగిలాయండి, దిద్దేసి వస్తాను," అన్నాడు. తను పదేళ్ళలో ఎంతోమందిని లిఫ్టుల్లోంచి బయటికి లాగింది గానీ, రానని మొరాయించిన వాణ్ణి మాత్రం అతన్నే చూసింది. అక్కడ మొదలైంది కథ.

కథ బాగానే నడిచింది. వచ్చిన చిక్కల్లా వాళ్ళమ్మతో.

మాస్టారి తల్లి నర్సు. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా ఉద్యోగం మొదలుపెట్టి, అందులోనే తల నెరిసి, రిటైరైంది. బిల్డింగులో అందరూ నర్సమ్మ అంటారు. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే తిరుగుండదు. కొడుకు పెళ్ళి మాట ఎత్తి ఆరునెలలు దాటినా ఆవిడ అవుననలేదు, కాదననూ లేదు. "చూద్దాం," అంది. ఆ చూద్దాం పిచ్చుక గుండెల మీద బండలాగా కూర్చుంది. పెద్దావిడ ఊ అనకుండా పెళ్ళి చేసుకోవడం మాస్టారికి ఇష్టం లేదు, నిజం చెప్పాలంటే పిచ్చుకకీ లేదు. తల్లి లేకుండా పెరిగిన పిల్ల, ఆ ఇంట్లోకి వెళితే ఒక అమ్మ కూడా దొరుకుతుందని లోలోపల ఆశ పెట్టుకుంది. ఆ ఆశ ఎవరికీ చెప్పలేదు, మాస్టారికి కూడా.

నర్సమ్మ ఉండేది ఎనిమిదో అంతస్తు. మోకాళ్ళు అరిగిపోయి, ఇంట్లో నాలుగడుగులు వేయడమే గగనం. ఎన్నాళ్ళనుంచో వాయిదా పడుతూ వచ్చిన మోకాలి ఆపరేషన్‌కి చివరికి ఒక తేదీ కుదిరింది. సరిగ్గా ఆ వారమే బిల్డింగు లిఫ్టు చెడింది. అదీ పాతకాలపు లిఫ్టు, ఎప్పుడు ఏ భాగం మొండికేస్తుందో దానికే తెలియదు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రంలోగా ఆసుపత్రిలో చేరాలి. చేరకపోతే డాక్టరు సెలవు మీద వెళ్ళిపోతాడు, మళ్ళీ తేదీ దొరికేది ఎప్పుడో ఆయనకే ఎరుక. ఎనిమిది అంతస్తులు మెట్లమీదుగా దిగడమా, ఆ మాట తలుచుకుంటేనే నర్సమ్మ మోకాళ్ళు మూలిగాయి.

ఆ లిఫ్టు చూసుకునేది పిచ్చుక కంపెనీయే. "నేను వెళ్తాను సార్," అని ఎగిరి గంతేసింది. అదే రోజు మధ్యాహ్నం ఆమెకు రైలుంది. పక్క రాష్ట్రంలో ఒక పెద్ద ఆసుపత్రిలో కొత్త లిఫ్టులు బిగించారు, మర్నాడు పొద్దున్న వాటిని వాళ్ళకి అప్పగించాలి. మొదటిసారి ఆ పనికి తనే పెద్ద. ఆఫీసులో పెద్దసారు స్వయంగా పిలిచి మరీ ఇచ్చాడు. "పొద్దున లిఫ్టు బాగుచేసి, మధ్యాహ్నం రైలెక్కేస్తాను, అదెంత పని," అంది పిచ్చుక. ఆ 'అదెంత పని' దగ్గరే మనవాళ్ళు సగంమంది బోల్తా పడతారు.

పొద్దున్నే పనిముట్ల సంచీ, ఊరికెళ్ళే పెట్టె రెండూ వెంటబెట్టుకుని వచ్చింది. పెట్టె వాచ్‌మన్ గదిలో పడేసి, ఎనిమిదో అంతస్తు దాకా మెట్లెక్కి, నర్సమ్మ గుమ్మంలో ఆగి జేబులోంచి ఒక ఎర్ర తాళంకప్ప తీసింది. వెనకాలే వచ్చిన వాచ్‌మన్‌కి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న నర్సమ్మకి దాన్ని చూపించింది. కాస్త గొప్ప కోసమే చూపించిందనుకోండి. తను చేసేది ఊళ్ళు తిరిగే షోకు ఉద్యోగం కాదని పెద్దావిడకు తెలియాలి కదా.

"ఇది నా తాళం ఆంటీ. పైన డాబా మీద లిఫ్టు మెయిన్ స్విచ్చి ఆపేసి, దానికి ఇది వేస్తాను. దీనికి ఒకటే చెవి, అది నా జేబులో ఉంటుంది. తాళం ఉన్నంతసేపు లిఫ్టుకి కరెంటు రాదు. ఎవరొచ్చి అడిగినా తీయకూడదు. నేనే ఫోన్ చేసి తీసేయమన్నా తీయకూడదు."

"నువ్వే చెప్పినా?" అంది నర్సమ్మ.

"నేనే చెప్పినా. తాళం వేలాడుతోంది కదా అన్న ధైర్యంతో ఇంకెవరైనా లోపలికి దిగి ఉండొచ్చు. దూరాన ఉన్న నాకెలా కనపడుతుంది? కింద గుంట దగ్గర్నుంచి పైదాకా కళ్ళతో చూసుకున్నాకే తాళం తీయాలి."

నర్సమ్మ ఆ తాళంకప్పను చేతిలోకి తీసుకుని, బరువు చూసినట్టు ఒకసారి ఆడించి, తిరిగి ఇచ్చేసింది. "బాగుంది," అంది. ఆవిడ నోట్లోంచి బాగుంది అన్న మాట రావడం పిచ్చుక అదే మొదటిసారి వినడం. ఆ ఉత్సాహంతో మధ్యాహ్నం దాకా చెయ్యాల్సిన పని గంట ముందే తేల్చేసింది.

ఇక మిగిలింది చిన్నపని. లిఫ్టు ఎక్కి దిగే బావి అడుగున ఒక గుంట ఉంటుంది. సెల్లార్లోంచి దానికి చిన్న తలుపు. కిందటి వారం నర్సమ్మ ఇంటి తాళంచెవి లిఫ్టు గడప సందులోంచి జారి ఆ గుంటలో పడింది. అప్పుడే మాస్టారు "నేను దిగి తీస్తానమ్మా," అని బయల్దేరితే పిచ్చుక ఫోన్లోనే కేకలేసింది. "మెయిన్ స్విచ్చికి నా తాళం పడితేగానీ ఎవరూ అందులో దిగకూడదు, తెలిసిందా మాస్టారూ," అని. ఇప్పుడు తనే దిగి ఆ చెవి తీసి, గుంట తలుపు మూసి, మళ్ళీ పైకెక్కి ఎర్ర తాళం తీసి, లిఫ్టు ఒకసారి నడిపి చూస్తే అయిపోయినట్టే. పైన తాళం వేసి ఉందని బోర్డు తగిలించి, గుంట తలుపు తెరిచింది కూడా. ఇంతలో పైనుంచి వాచ్‌మన్ వచ్చాడు, "మేడమ్, నర్సమ్మగారు టీ పెట్టారు, చల్లారిపోతుందంటున్నారు," అని.

పెద్దావిడ పిలవడమే ఎక్కువ. చేతులు తుడుచుకుని పైకి పరిగెత్తింది.

టీ బాగుంది. నర్సమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె సగం తాగేదాకా ఆగి, ఉన్నట్టుండి అడిగింది. "పెళ్ళయ్యాక కూడా ఇలాగే ఊళ్ళు పట్టుకు తిరుగుతావా అమ్మాయ్?"

పిచ్చుక టీ కప్పు కింద పెట్టింది. ఆరునెలలుగా ఎదురుచూస్తున్న ప్రశ్న. జవాబు ఎన్నిసార్లో అద్దం ముందు వల్లె వేసుకుంది. తీరా అడిగేసరికి ఒక్క ముక్క నోటికి రాలేదు. "ఉద్యోగం... తప్పదాంటీ..." అంటూ ఏదో గొణిగింది.

"వెళ్ళినవాళ్ళు వెనక్కొచ్చేదాకా ఇంట్లో వాళ్ళు ఎలా ఉంటారో నీకు తెలుసా?" అంది నర్సమ్మ. కోపంగా కాదు, మామూలుగానే అంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"రైలు టైమైంది ఆంటీ," అని పిచ్చుక లేచింది. కళ్ళలో నీళ్ళు కనపడకూడదని తలొంచుకుని మెట్లవైపు నడిచింది. ఎనిమిది అంతస్తులు గబగబా దిగేసింది. దిగుతున్నప్పుడైనా, లిఫ్టు బాగుచేసినదాన్ని మెట్లెందుకు దిగుతున్నానని తట్టాలి కదా. తట్టలేదు. ఇంకెవరికైనా తట్టేదే. లిఫ్టు పని చేసేవాళ్ళకి లిఫ్టెక్కే అలవాటుండదు, వాళ్ళు పనిచేసిన చోటల్లా లిఫ్టు ఆగే ఉంటుంది మరి. మెట్లే వాళ్ళ దారి. వాచ్‌మన్ గదిలోంచి పెట్టె లాక్కుని, దొరికిన కారెక్కి, స్టేషన్లో రైలందుకుంది.

రైలు కదిలి, ఊరి చివరి ఇళ్ళు వెనక్కి జరుగుతున్నప్పుడు, రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టింది. రుమాలు బదులు తాళంచెవి వచ్చింది. ఎర్ర పట్టీ ఉన్న తాళంచెవి.

కొంప మునిగింది అనుకుంది. పై ప్రాణాలు పైనే పోయాయి. మెయిన్ స్విచ్చికి తాళం అలాగే ఉంది. లిఫ్టు ఆగే ఉంది. సాయంత్రంలోగా నర్సమ్మ ఆసుపత్రిలో ఉండాలి. పెద్దావిడని ఎనిమిదో అంతస్తులో బందీ చేసి, తను దర్జాగా కిటికీ పక్కన కూర్చుని ఊరెళ్ళిపోతోంది. ఇక ఊ అనడం కూడానా, జన్మలో మొహం చూడదు.

దిగిపోదామా అంటే రేపటి అప్పగింత. అంత పెద్ద పని నమ్మి ఇచ్చిన పెద్దసారుకి ఏం చెప్పాలి? తాళం మరిచిపోయానని చెప్పుకోవడం వాళ్ళ కంపెనీలో పరువు తీసుకోవడమే. ఇటు చూస్తే నుయ్యి, అటు చూస్తే గొయ్యి. తర్వాత బుర్రలో ఒక అడ్డదారి వెలిగింది. వాచ్‌మన్ దగ్గర ఇనప కట్టరుంది, పాత షట్టర్ల తాళాలు కోసేది. తాళం కోసేస్తే చాలు. లిఫ్టు నడుస్తుంది, నర్సమ్మ దిగుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. లోపల తను లేదు కదా. ఇంకెవరుంటారు?

ఫోన్ చేసింది. వాచ్‌మన్ పాపం మంచివాడు, "అంతే కదా మేడమ్, ఇప్పుడే కోసేస్తా," అని కట్టరు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. పిచ్చుక ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అతని ఆయాసం వింటూ కూర్చుంది. నాలుగో అంతస్తు, ఐదు, ఆరు. ఎనిమిదో అంతస్తులో ఆయాసం ఆగింది. ఎవరో ఏదో అడుగుతున్నారు. అతనేదో చెబుతున్నాడు. తర్వాత ఫోన్లో నర్సమ్మ గొంతు వచ్చింది.

"ఏంటమ్మాయ్, తాళం కోయమన్నావట?"

"అవునాంటీ. మరిచిపోయి చెవి నా జేబులో వేసుకొచ్చేశాను. నన్ను క్షమించండి. ఇప్పుడు కోసేస్తే మీరు హాయిగా దిగి వెళ్ళొచ్చు."

"నువ్వే ఫోన్ చేసి చెప్పినా తీయొద్దన్నావు పొద్దున."

"అన్నాను గానీ... ఇది వేరాంటీ. నేను రైల్లో ఉన్నాను. లోపల ఎవరూ లేరు."

"చూశావా?"

"చూడ్డానికేముంది, నాకు తెలుసు కదా."

"మా థియేటర్లోనూ ఇలాగే అనేవాళ్ళు," అంది నర్సమ్మ. "డాక్టరు గారు పెద్ద చదువులు చదివినాయన, లోపల ఏమీ వదల్లేదు నాకు తెలుసు, కుట్టేద్దాం అనేవారు. నేను ససేమిరా అనేదాన్ని. వాడిన గుడ్డముక్కలన్నీ కళ్ళముందు లెక్క తేలితేనే కుట్లు. కసురుకునేవారు, విసుక్కునేవారు, చివరికి లెక్కపెట్టేవారు. నువ్వు వచ్చి, చూసి, నీ చేత్తో తాళం తియ్యి."

"మీ ఆపరేషన్ ఆంటీ. డాక్టరు వెళ్ళిపోతే?"

"నా మోకాళ్ళు ఇన్నేళ్ళు ఆగాయి. ఆగుతాయి."

"అది కాదాంటీ, నా మాట..."

"కట్టరు నా ఒళ్ళో ఉంది," అంది నర్సమ్మ. "ఎవరు తీసుకుంటారో చూస్తాను." ఫోన్ పెట్టేసింది.

పిచ్చుకకి ఒళ్ళు మండిపోయింది. తనని సాధించడానికే ఇదంతా అనుకుంది. ఊళ్ళు తిరిగేదానివి కదా, ఇప్పుడు తిరిగి రా చూద్దాం అన్నట్టుంది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, పక్కనున్నాయన వింతగా చూస్తున్నా పట్టించుకోకుండా, తర్వాత వచ్చిన చిన్న స్టేషన్లో రైలు ఆగగానే పెట్టె లాక్కుని దిగిపోయింది. రేపటి అప్పగింత గంగలో కలిసినట్టే. రైలు తనని వదిలేసి వెళ్ళిపోతుంటే, తనకి జరగాల్సిన మంచంతా అందులోనే వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

కారు మాట్లాడుకుని ఎక్కగానే మాస్టారికి ఫోన్ చేసింది. మీ అమ్మగారికి కాస్త నచ్చజెప్పండి అని అడుగుదామని. అందుబాటులో లేరు అంది ఫోన్. తల్లి వైపు చేరి అలిగాడేమో అనుకుంది. మళ్ళీ చేసింది. అందుబాటులో లేరు. బళ్ళో ఉంటే మోగుతుంది కదా, ఎత్తడు, అంతే. అసలు మోగకపోవడమేంటి? అయినా ఇవాళ ఒకపూట సెలవు పెట్టి, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఇంటికి రావాలి కూడా.

అందుబాటులో లేరు. ఈ మాట ఎక్కడో బాగా విన్నట్టుంది. ఎక్కడ? తన ఫోన్ గురించే. "నీకెప్పుడు చేసినా అందుబాటులో లేరంటుందేంటే," అని వాళ్ళ నాన్న గోల. అవును మరి, గుంటలో దిగితే ఫోన్‌కి సిగ్నల్ అందదు.

పిచ్చుక సీట్లో నిటారుగా లేచి కూర్చుంది.

గుంట తలుపు తెరిచే వచ్చింది. నా తాళం పడితేగానీ దిగకూడదు మాస్టారూ అని తనే చెప్పింది. చెప్పిన మాట చెప్పినట్టు పట్టుకునే లెక్కల మనిషి అతను. ఇప్పుడు తాళం పడి ఉంది. వాళ్ళమ్మ తాళంచెవి అందులోనే ఉంది. అదేమో పాతకాలపు లిఫ్టు, గుంట తలుపు తెరిచి ఉంటే దానంతటది ఆగిపోయే ఏర్పాటు దానికి లేదు. కరెంటు వచ్చి లిఫ్టు కిందికి దిగితే, ఆ గుంటలో నిలబడ్డ మనిషికి తల దాచుకునే చోటుండదు. వెంటనే నర్సమ్మకి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఆ తాళం జోలికి ఎవరూ పోకుండా చూడండి. మీకు దండం పెడతాను అత్తయ్యా. ఎవరొచ్చి ఏం చెప్పినా సరే, నేనొచ్చేదాకా."

ఆరునెలలుగా ఆంటీ ఆంటీ అన్న పిల్ల అత్తయ్యా అన్నదని తనకే తెలియదు. నర్సమ్మకి తెలిసింది గానీ అప్పుడేమీ అనలేదు. "కంగారు పడకుండా రా," అంది అంతే. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే పిచ్చుక చెప్పలేకపోయేది. ఎనిమిదో అంతస్తులో నడవలేని మనిషికి, మీ అబ్బాయి కింద ఉన్నాడేమో అని ఏ నోటితో చెబుతుంది?

దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. కోసేయమని తనే చెప్పింది. తన నోటితోనే చెప్పింది. ఆవిడ ఒక్క మాట మెత్తబడి ఉంటే, సరేలే కోసేయవయ్యా అని ఉంటే. ఆ తర్వాత ఆలోచన సాగేది కాదు. కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా డ్రైవరు సీటు వెనక పట్టుకుని ముందుకు తోసినంత పని చేసింది. బిల్డింగు ముందు కారు ఆగీ ఆగకముందే దూకేసి, సెల్లార్లోకి పరిగెత్తింది.

గుంట తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఫోన్ దీపం వెలుగుతోంది. మాస్టారు గొంతుక్కూర్చుని, చొక్కా నిండా గ్రీజు పూసుకుని, నేలమీద పరిచిన రుమాల్లో ఏవో కుప్పలు పోస్తున్నాడు. ఎన్నేళ్ళనుంచో ఆ సందులోంచి జారిపడ్డవన్నీ అక్కడే ఉన్నాయి. గుండీలు ఒక కుప్ప, పెన్నుమూతలు ఒక కుప్ప, తాళంచెవులు ఒక కుప్ప. తల పైకెత్తి, "టీకి పిలిచానని అమ్మ ఫోన్లో చెప్పింది, ఎంతసేపు తాగుతావు? కబుర్లలో పెట్టిందా?" అన్నాడు.

పిచ్చుక తలుపు పట్టుకుని ఉన్నచోటే కూలబడింది. "బయటికి రా," అంది. "ముందు బయటికి రా నువ్వు." ఎప్పుడూ మీరు తప్ప అనని పిల్ల ఆ పూట నువ్వులోకి దిగిపోయింది. అతను బయటికి రాగానే వీపు మీద రెండు దెబ్బలు వేసి, అదే వీపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గ్రీజంతా ఆమె మొహానికి అంటుకుంది. మాస్టారికి తలా తోకా తెలియలేదు.

"ఏమైంది? తాళం ఉంది కదా అనే దిగాను. తలుపు మీద నీ బోర్డు కూడా వేలాడుతోంది. నువ్వే చెప్పావుగా తాళం పడ్డాక దిగొచ్చని. అమ్మ కోసం రైలు కూడా మానుకున్నావనుకుని ఎంత సంతోషపడ్డానో తెలుసా? నువ్వు వచ్చి తాళం తీసేదాకా అమ్మ ఎలాగూ దిగలేదు కదా, ఈలోగా అమ్మ తాళంచెవి వెతుకుదామని. తీరా చూస్తే ఇన్ని చెవులున్నాయి, ఏది మాదో తెలిస్తేగా."

పిచ్చుక కళ్ళు తుడుచుకుని లేచింది. ఇక ఏ ఒక్క ముక్కా తప్పకుండా చేసింది. టార్చితో గుంట మూలమూలలా చూసి, తలుపు మూసి గడియ పెట్టింది. ప్రతి అంతస్తులో ఆగి తలుపులు చూసుకుంటూ ఎక్కింది. ఎనిమిదో అంతస్తులో నర్సమ్మ చీర మార్చుకుని, ఆసుపత్రి సంచీ పక్కన పెట్టుకుని, ఒళ్ళో కట్టరుతో కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. పక్కన మెట్టు మీద వాచ్‌మన్ తప్పు చేసిన పిల్లాడిలా చూస్తున్నాడు. వెనకాలే వచ్చిన కొడుకు చొక్కా వైపు, గ్రీజు పూసుకున్న పిచ్చుక మొహం వైపు నర్సమ్మ మార్చి మార్చి చూసింది. ఒళ్ళోంచి కట్టరు తీసి గోడవారగా పెట్టింది.

డాబా మీదికెళ్ళి పిచ్చుక తాళం తీసింది. లిఫ్టు నడిపి చూసింది. పైకీ కిందికీ మెత్తగా నడిచింది.

నర్సమ్మని కుర్చీతో సహా లిఫ్టులోకి తీసుకొచ్చారు. తలుపు మూసుకున్నాక ఆవిడ అడిగింది. "వీడు కింద ఉన్నాడా?"

"ఉన్నారు," అంది పిచ్చుక. దాచాలనిపించలేదు. "నేను కోసేయమన్నప్పుడు ఈయన కిందే ఉన్నారు. మీరు వద్దనకపోతే..."

లిఫ్టు కింద ఆగేదాకా నర్సమ్మ తన కొడుకు చెయ్యి ఒకటి, పిచ్చుక చెయ్యి ఒకటి పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది.

ఆసుపత్రికి ఆలస్యంగానే చేరారు గానీ డాక్టరు ఇంకా ఉన్నాడు. చీటీ రాయించుకుని గది ఇచ్చారు. పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. అప్పుడు పిచ్చుక నడవాలోకి వెళ్ళి, గోడకి ఆనుకుని, పెద్దసారుకి ఫోన్ చేసింది. తాళం మరిచిపోయిన సంగతి చెప్పింది. అక్కడితో ఆపెయ్యొచ్చు, ఆపలేదు. ఫోన్లో కోసేయమని చెప్పిన సంగతీ చెప్పింది, మాస్టారు కింద ఉన్న సంగతీ చెప్పింది. ఉద్యోగం ఊడిందనే అనుకుంది.

"మనిషికేం కాలేదు కదా?" అన్నాడు పెద్దసారు.

"కాలేదు సార్."

"అయితే విను. తాళం మరిచినందుకు నీకు అక్షింతలు తప్పవు. కోయమన్నందుకు అంతకు రెట్టింపు. ఇక నుంచి కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి నువ్వే నిలబడి చెప్పాలి, ఒక్క ముక్క దాచకుండా. రేపు పొద్దున రైలెక్కు. అప్పగింత సాయంత్రానికి మార్పిస్తాను. వాళ్ళ లిఫ్టులు ఒక్కపూట ఆగితే కొంపలేం అంటుకోవు." మళ్ళీ తనే, "ఆవిడెవరు, ఆ కోయనివ్వనావిడ?" అన్నాడు.

"మా..." అని ఆగింది పిచ్చుక. "నర్సమ్మగారని, రిటైరయ్యారు."

"మనకి అలాంటివాళ్ళు కావాలమ్మా," అని పెట్టేశాడు.

పిచ్చుక గోడకి ఆనుకునే పొద్దున్నించీ బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆకలి కూడా గుర్తొచ్చింది. క్యాంటీన్లో మూడు రొట్టెముక్కలు కొనుక్కుని, నడవాలోనే రెండు తినేసి, మూడోది మాస్టారి కోసం పట్టుకుని గదిలోకి వెళ్ళింది.

మంచం మీద నర్సమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మాస్టారి రుమాలు ఒళ్ళో పరుచుకుని, గుంటలో దొరికిన చెవులు ఒక్కొక్కటే కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. మాస్టారు చొక్కా కడుక్కోవడానికి వెళ్ళాడట.

"ఇలా కూర్చో," అంది. పిచ్చుక మంచం చివర కూర్చుంది.

"వీడి నాన్న లారీ మీద వెళ్ళేవాడు. దూరాలు. ఒకసారి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. దారిలో పోయాడు," అంది నర్సమ్మ. "పొద్దున నిన్నడిగింది ఉద్యోగం మానతావా అని కాదు. వెనక్కొస్తావా అని. అడగడం చేతకాలేదు నాకు."

"నేను మిమ్మల్ని తిట్టుకున్నాను ఆంటీ. రైల్లో. బాగా తిట్టుకున్నాను."

"తిట్టుకుని కూడా వచ్చావు కదా." నర్సమ్మ ఇంకో చెవి తీసి చూసి పక్కన పెట్టింది. "మళ్ళీ ఈ ఆంటీ ఏంటి? మధ్యాహ్నం ఫోన్లో చక్కగా అత్తయ్యా అన్నావు. ఆపదలో అయితే ఒకటీ, తీరాక ఇంకోటీనా?"

పిచ్చుక నవ్వబోయింది, నవ్వుకి ముందే కళ్ళనీళ్ళొచ్చాయి. ఆరునెలల బండ అంత చప్పుడు లేకుండా దిగిపోతుందని ఆమె అనుకోలేదు.

కుప్పలోంచి నర్సమ్మకి కావాల్సింది దొరికింది. కొస దగ్గర కాస్త వంగిన ఇత్తడి చెవి. చీర కొంగుతో గ్రీజు తుడిచి, పిచ్చుక చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచు. ఇంటిది."

"నా దగ్గరెందుకు అత్తయ్యా, పొద్దున్నే ఊరెళ్తున్నాను కదా."

"వెళ్తున్నావనే ఇస్తున్నాను. నీ జేబులో తాళంచెవి ఉంటే ఎంత దూరం వెళ్ళినా వెనక్కొస్తావని ఇవాళ చూశాను. వేసుకో."

పిచ్చుక జేబులో వేసుకుంది. వేసుకుని, ఉందో లేదో పైనుంచి ఒకసారి తడిమి చూసుకుంది.